తూర్పు గది మినహా

మంచు కురిపించనా మాననా అన్నట్టు పొద్దున్నుంచీ ఆకాశం ఊరి మీద వేలాడుతోంది. కనెటికట్‌లోని ఆ ఊరి రికార్డుల గదిలో అక్కాతమ్ముళ్లు పాత దస్తావేజులు తిరగేస్తున్నారు. తాతల ఇల్లూ పొలమూ అమ్మకానికి అక్క సంతకం ఒక్కటే మిగిలింది.

“ఇది చదవరా. 1791. మన వంశపు మెహిటబుల్ అవ్వకి, మొగుడు పోయాక ఆస్తిలో బతికినన్నాళ్లూ అనుభవించమని వచ్చిన మూడోవంతు. తూర్పు గది, బావికి దారి, రొట్టెల పొయ్యి మీద హక్కు.”

“కొడుకు ఇల్లు అమ్మేశాడుగా అక్కా!”

“అమ్మాడు. కొన్నవాడూ ఇంకొకడికి అమ్మాడు. రెండు దస్తావేజుల్లోనూ ఒకటే మాట, ‘వితంతువు గది మినహా’ అని.”

“అయినా కదల్లేదా?”

“పరాయివాళ్ల వంటింట్లోకి నడిచెళ్లి, ఇరవై రెండేళ్లు తన రొట్టె తనే కాల్చుకుంది. ఆవిడ అక్కడుండబట్టే మనవడు తిరిగి కొన్నాడు, అదే ఇప్పుడు మన ఇల్లు.”

“మొండిఘటం. అచ్చం నీలాగే.”

“తెలిసీ సంతకం అడుగుతావేం?”

“రేపు కొనేవాళ్లొస్తే ఏం చెప్పను?”

“నీ సగం కొనుక్కోమను. నా సగంలో నేనుంటాను. బావికి దారి మాత్రం వదలమను.”

ఆ గొంతు తమ్ముడికి చిన్నప్పటినుంచీ తెలుసు. తెచ్చిన కలం జేబులో పెట్టేసుకున్నాడు. అక్క సంచిలోంచి మొక్కజొన్న రొట్టె తీసి రెండుగా విరిచింది. బయట మెట్ల మీద కూర్చుని ఇద్దరూ తిన్నారు.