కేరీరు లేని సైకిలు

“ఊడదీసెయ్ రహమాన్. మొత్తం ఊడదీసెయ్.”

“కేరీరా? కొత్తది గదా బావా! మొన్న దసరాకి నానే బిగించినాను.”

పోర్టులో కళాసీ మేస్త్రీ గురునాథరావుకి వారానికొక్క గంట ఒంటరిగా సైకిలు తొక్కుకోవాలని కోరిక. అది తీరే దారి కోసం ఎనభై మూడులో ఓ శనివారం సాయంత్రం గోపాలపట్నంలో రహమాన్ సైకిలు షాపు ముందు కూర్చున్నాడు. ఫోన్లు ఆఫీసర్లకే ఉన్న రోజులు మరి. మంచి కబురు పోస్టులో వచ్చేది, చెడ్డ కబురు తెల్లారగట్ట సైకిలెక్కి వచ్చేది.

“ఎనకాల సోటుంటే ఎవుడో ఒకడు కూకుంటాడు రహమాన్. ఆదోరం ఆదోరం తెల్లారగట్ట బయల్దేరతాను, ఎవుడో ఒకడు తగులుతాడు. మొన్నొకపాలి వీధి సివర మా పక్కింటి నీలకంఠం సెయ్యి అడ్డెట్టినాడు. ‘ఎక్కడికి?’ అన్నాడు. ‘ఎక్కడికీ కాదు’ అన్నాను. ‘అయితే నన్ను మార్కెట్టుకాడ దింపీ’ అన్నాడు. ఎక్కడికీ కాదంటే మార్కెట్టుకనా?”

“ఒంటిగా తిరిగేది పోస్టుమేన్, లేపోతే పిచ్చోడు. నీకేటి ఖర్మ బావా?”

“పొద్దస్తమానం కళాసీల మీద అరుత్తాను. క్రేను సప్పుడు మీంచి ఇనబడాల గదా. ఇంటికొత్తే రెండు గదులు, ఇంటినిండా జనం, ఆ మీద రేడియో. నా మాట నాకే ఇనబడ్డం లేదు. వారానికో గంట కొండ, నీళ్ళు, నాను. అంతే. తప్పేటి?”

“తప్పని ఎవుడన్నాడు? దారి సెప్తాను, ఇను. ముడసర్లోవ ఎల్లు. సెరువు పక్కనే రోడ్డు, సుట్టూ కొండలు, ఎక్కుడు కూడా తక్కువ.”

“ఆ సెరువుకాడ తోటలో మా తమ్ముడి మావ కాపలా. ఒక్కడినే కనబడితే, కాపరం సెడిందా అంటాడు.”

“రుషికొండ? సముద్రం, కొండ. మడిసన్నోడు కనబడ్డు.”

“పెదవాల్తేరు మీంచి ఎల్లాల. అక్కడ మా సెల్లెలు సన్యాసమ్మ. గుమ్మం ముందర్నించి ఎల్లి టీ తాగకపోతే ఏడాది మాటాడదు. తాగితే బోయినం అంటాది. తింటే కాసేపు పడుకోమంటాది.”

“యారాడ కొండేపు?”

“స్టీలుప్లాంటు కట్టడానికెల్లే లారీలు సూసినావా? కొండక్కాదు, సరాసరి సొర్గానికే ఎక్కిత్తాయి.”

“మరి మేఘాద్రిగెడ్డ? ఇక్కడికిక్కడే. గట్టు మీద తొక్కుకుంటా పోతే ఒక పక్క నీళ్ళు, ఒక పక్క…”

“గట్టెక్కితే సుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కనబడతాను. తెల్లారగట్ట సైకిలు మీద ఒక్కడు! వొద్దు బాబో. ఇంకోపాలి వొద్దు.”

“ఇంకోపాలేటి? ఆగాగు. మొదటిపాలి ఎప్పుడయ్యింది?”

“ఏటీ అవలేదు.”

“సింహాచలం కొండెనకాల తోవ సెప్పినాను గదా. పోయిన ఆదోరం ఎల్లినావా?”

“ఎల్లినాను.”

“ఎలగుంది?”

“బాగుంది. ఆ స్పేనరిలగియ్యి, నట్టు నాను ఇప్పుతాను.”

“నట్టు ఒగ్గీ. ఆ తోవలో మీ అత్తోరూరు గదా?”

“ఉంటే ఉంటాది.”

“బావా!”

“ఊళ్ళోకెల్లకూడదనే అనుకున్నాను రహమాన్, నీ మీదొట్టు. కొండ తోవ తొక్కీసరికి గుండె గొంతులోకొచ్చింది. మంచుకని తలకి తువ్వాలు సుట్టినాను. వీధి మొగలో ఒక కాలు కిందెట్టి ఊపిరి తీసుకుంటన్నాను. లోపలికెల్తే అన్నం తినకుండా ఒగ్గరు, అందుకని సైకిలు దిగలేదు.”

“యా అల్లా! దిగలేదా?”

“దిగలేదు.”

“వీధి మొగలో, తలకి గుడ్డ సుట్టుకుని, సైకిలు దిగకుండా… సావు కబురు తెచ్చినోడు నిలబడినట్టే నిలబడినావు గదయ్యా!”

“అది అప్పుడు తోచితేనా? మా అత్తోరి పక్కింటి అసిరమ్మ నీళ్ళబిందెతో ఒచ్చి సూసింది. ‘ఎవురు బాబూ? ఎవురు పోయారు?’ అంది. నాకా, ఆయాసం. నోట మాట రాదు. ఆగమని సెయ్యి ఇలగ ఊపినాను. బిందె ఒదిలీసింది.”

“తౌబా!”

“మా అత్త కాశమ్మ గుమ్మంలోంచి సూసింది. అల్లుడొచ్చాడు, ఒక్కడే ఒచ్చాడు, పక్కన కూతురు లేదు. ఇంకేటి సెప్పాల? మట్టిలో కూలబడిపోయి ఏడుపెత్తుకుంది.”

“అలగ కాదు, ఏటీ అవలేదని సెప్పొచ్చు గదా!”

“ఆయాసమన్నాను గదా.”

“ఆయాసం ఎంతసేపుంటాది?”

“ఉంటాది.”

“ఎంతసేపు బావా?”

“బేగే తీరిపోయింది. అయినా సెప్పలేదు.”

“ఎందుకని?”

“మావోళ్ళ ఏడుపు ఇన్నావా ఎప్పుడైనా? ఊరికే ఏడవరు. పోయినోళ్ళ బతుకంతా రాగం తీసి సెప్తారు. ‘నా గౌరీసొరీ, నా తల్లే! పోర్టంతా ఇనబడేలాగ అరిసే మొగుడే, నీతో మాటాడ్డానికి నోరే రాలేదే! గోడకి సెప్పుకున్నావే, పొయ్యికి సెప్పుకున్నావే, ఒక్క మాటకి మొకం వాసిపోయినావే’ అంటంది. ఊరంతా మూగి ఇంటన్నారు. నానూ నిలబడి ఇన్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళు. నాకెవురూ సెప్పలేదు రహమాన్.”

“అరె… నాను కూడా ఇంటికెల్లి నా పెళ్ళాం జమాలున్నీసాని అడగాల, నా గురించి ఏటి సెప్పుకుంటందో. తర్వాత?”

“తర్వాతేటి, ‘అత్తా, అది బతికే ఉంది’ అన్నాను. ఠక్కుమని ఏడుపాపి, ‘మరి నువ్వెందుకొచ్చినావు?’ అంది. ‘ఊరికే, సైకిలు తొక్కుకోడానికి’ అన్నాను. ‘ఊరికే ఎవుడైనా సైకిలు తొక్కుతాడేటి!’ అని సీపురు తీసింది. అప్పటికే పద్మనాభం ఊళ్ళో ఉన్న సుట్టాలకి కబురెల్పోయింది. సచ్చిపోయిన పిల్లని సూడ్డానికని అందరూ కట్టగట్టుకుని మా ఇంటికొచ్చి, బతికున్న పిల్ల సేత వండించుకు తినెల్లారు.”

“గౌరీశ్వరి ఏటంది?”

“వండింది. ఏటీ అన్లేదు. నానూ ఏటీ అన్లేదు.”

“అదే గదా మీ అత్త ఏడిసింది! ఇదిగో బావా, కేరీరు ఊడొచ్చింది. ఎక్కడ పారీమంటావు?”

“బిగించీ.”

“ఆఁ?”

“మళ్ళీ బిగించీ. పైన మెత్తటి దిండొకటి కట్టు. రేపు గౌరీని ఎక్కించుకుని మేఘాద్రిగెడ్డ గట్టు మీదకే ఎల్తాను. ఎనకాల పెళ్ళాం కూకుంటే ఎవుడూ సావు కబురనుకోడు గదా. ఆ గంటా మాటాడతాను.”

“ఏటి మాటాడతావు?”

“తెలీదు. కొండ సూపించి, ఇది కొండ అంటాను.”

“మరి ఒంటిగా తిరగాలన్నావు? నీ మాట నీకినబడాలన్నావు?”

“పోనీలే. ఆ గంట దానికిచ్చెత్తాను. ఇవ్వాలంటే ఏడుపొత్తంది గాని, ఇచ్చెత్తాను.”

“సెబాస్ బావా! మగాడివనిపించినావు. ఇదిగో, బిగించీసాను. దిండు కూడా… అరె, మాటల్లోనే గౌరీశ్వరి ఒచ్చింది. రా సెల్లీ, రా! వంకాయలేనా ఆ సంచిలో?”

“వంకాయలే అన్నయ్యా. ఇదేటి, సైకిలు మీద దిండెట్టినారు?”

“నీకే గౌరీ. రేపు పొద్దున్న నువ్వూ నాతో ఒత్తన్నావు. గెడ్డ గట్టు మీదకి.”

“ఓలమ్మా! ఎవురు పోయారు?”

“ఎవురూ పోలేదే! ఊరికే. నువ్వూ నానూ మాటాడుకుందారని.”

“మాటాడుకోడానికా? ఇన్నేళ్ళకా? మా అమ్మ ఏడుపు పూర్తిగా ఇన్నావేటి?”

“ఇన్నాను.”

“ఓరి నాయినో! అది పెళ్ళయిన కొత్తలో సెప్పుకున్న మాట. మా అమ్మ ఏదీ మర్సిపోదు. అప్పుడు సిన్న గుంటని, ఏడిసినాను. అయిపోయింది.”

“మరి ఇప్పుడు బాధ లేదా?”

“ఇప్పుడేటి బాధ? నువ్వింట్లో ఉంటే నీళ్ళు కాసీ, టీ ఎట్టీ, తువ్వాలేదీ అంటావు. ఆదోరం నువ్వు సైకిలెక్కీసరికి ఇంకా ఎవురూ లెగరు. పెరటి గుమ్మంలో ఒక్కదాన్నీ కూకుని, గ్లాసుడు టీ సల్లారిపోయేదాకా తాగుతాను. ‘గౌరీ’ అని పిలిసేవోడుండడు. వారానికి నాకదొక్కటే.”

“అదేటే! అది నా మాట గదా!”

“రహమానన్నయ్యా, నీకు పున్నెముంటాది, ఆ కేరీరు ఊడదీసెయ్. ఈయనకి ఇంకాస్త దూరం తోవేదైనా ఉంటే సెప్పు.”