ఆదరణ కూడికలో చదవాల్సిన కాగితం

'సంఘంలో నమ్మకమైన సభ్యుడు' అంటండీ! ఎవరు రాశారండి ఈ ముక్క? మీరేనా అమోసు గారూ? మీ చేత్తోనే రాశారా?

కూర్చోండి, కూర్చోండి. అల్ ఖౌద్ నుంచి అజైబా దాకా ఎండలో పడి వచ్చారు. సంఘపెద్దని గుమ్మంలో నిలబెట్టి పంపించానంటే మళ్ళీ అదో మాట. టీ మాత్రం అడక్కండి. ఇందాకే క్లినిక్‌లో డ్యూటీ దిగి వచ్చాను, ఓపిక లేదు. ఓపికున్నా పెట్టేదాన్ని కాదనుకోండి, అది వేరే సంగతి.

ఏం రాశారో పూర్తిగా చదవనివ్వండి. 'ప్రభువునందు నిద్రించిన జెరెమియా గారు నరసాపురం దగ్గర జన్మించిరి. బాప్తిస్మము పొందిరి. మేరీకుమారి గారిని వివాహమాడిరి. ఇద్దరు కుమార్తెలు. మస్కట్‌లో ఇరవై రెండేళ్ళు కంపెనీ బస్సు డ్రైవరుగా పనిచేసిరి. సంఘంలో నమ్మకమైన సభ్యుడు.' అంతేనా? వెనకేమన్నా ఉందా? లేదు, తెల్లగానే ఉంది.

మరి వాలీబాల్ ఏదండీ?

ఏంటీ, అది ఆదరణ కూడికలో చదివేది కాదా? ఆహా!

మా జెరెమియా మావయ్య వాలీబాల్ లేకుండా ఎవరండీ? నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న పోయాడు. పాతిపెట్టి వచ్చిన మూడోరోజు మావయ్య నన్ను సైకిలు మీద ఎక్కించుకుని ఎక్కడికి తీసుకెళ్ళాడో తెలుసా? హైస్కూలు గ్రౌండుకి. నెట్టు పక్కన ఇటుకల మీద కూర్చోబెట్టి పాయింట్లు లెక్కపెట్టమన్నాడు. ఏడవకుండా కూర్చున్నది నేను ఆ సాయంత్రమేనండి. ఇంటికొచ్చాక అమ్మ తిట్టింది, చావింటి పిల్లని ఆటకి తీసుకెళ్తావా అని. 'పిల్ల లెక్క తప్పలేదక్కా' అన్నాడు, అంతే.

నర్సింగులో చేర్పించింది ఆయనే. ఈ దేశం తీసుకొచ్చింది ఆయనే. ఎయిర్‌పోర్టులో నేను బిక్కచచ్చిపోయి నిలబడితే, 'బ్యూలమ్మా, ముందు ప్రార్థన చేసుకుందాం, తర్వాత ఏడుద్దువుగాని' అని అందరి ముందూ కళ్ళు మూసుకున్నాడు. నాకు సిగ్గేసింది. ఆయనకి వెయ్యలేదు.

అల్ ఖౌద్‌లో ఆ ఇసక గ్రౌండు మీరెప్పుడైనా చూశారా? మీ ఇంటి వెనకేనండి, రెండు సందులవతల. చూసి ఉండరు. కడప దస్తగిర్ షూటర్, మావయ్య లిఫ్టర్. ఈయన బంతి లేపి పెడితే ఆయన కొట్టాలి. చప్పట్లన్నీ కొట్టినోడికే. ఈయనకది పట్టేది కాదు. శుక్రవారం సాయంత్రాలు మగ్రిబ్ బాంగు వినపడితే ఆట ఆగిపోయేది. దస్తగిర్ అన్న వాళ్ళు అటు నమాజు చేసుకుంటుంటే మావయ్య నెట్టు కర్ర పట్టుకుని ఇటు తన ప్రార్థన తను చేసుకునేవాడు. నేను కళ్ళారా చూశాను. మందిరంలో మైకు పట్టుకుని మీరు చేసే ప్రార్థన కంటే అదే బాగుండేది. కోపం తెచ్చుకోండి, పర్లేదు.

ఇక్కడ మనకి ఆదివారం లేదు కదండీ. సెలవంటే శుక్రవారమే, ఆరాధనా శుక్రవారమే. డ్రైవర్లకీ సైట్లో వాళ్ళకీ ఆటా శుక్రవారమే. వాళ్ళేం చేస్తారు? మావయ్య చలికాలం పొద్దున్నే ఆడుకుని పదింటికి ఇసక కాళ్ళతో పరిగెత్తుకొచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. ఆ కాళ్ళే కదండీ మీకు కనపడ్డాయి!

కమిటీ కూర్చోబెట్టారు. 'ఆట విగ్రహం అయిపోయింది, క్షమాపణ పత్రం రాసివ్వు, అందాకా ప్రభువు బల్ల ముట్టొద్దు, రొట్టె తీసుకోవద్దు' అన్నారు. ఆయనేమన్నాడో మర్చిపోయారా? 'ఆలస్యంగా వచ్చినందుకు రాస్తానండి, మానేసిన ఆ ఒక్కరోజుకీ రాస్తానండి. ఆడినందుకు మాత్రం రాయను. అది తప్పని నాకు అనిపించకుండా తప్పని రాస్తే దేవుడి దగ్గర అబద్ధమైపోద్ది' అన్నాడు. అంతలేసి చదువుకున్నవాళ్ళు మీరు ఏడుగురు కూర్చుని, బస్సు డ్రైవరు చెప్పిన ఆ ఒక్క మాటని చెవిన వేసుకోలేదు. బల్ల మాత్రం ఆపేశారు.

పద్నాలుగు నెలలండి! నెలనెలా బల్ల ఉండే మొదటి శుక్రవారం వచ్చేవాడు. ఒక్కటీ మానలేదు. రొట్టె పళ్ళెం దగ్గరికొస్తే రెండు చేతుల్తో అందుకుని, తను తీసుకోకుండా పక్కవాళ్ళకి అందించేవాడు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని చూడలేక తల దించేసుకునేదాన్ని.

అక్కడ ఊళ్ళో మా అత్తయ్యేమో ప్రతి మొదటి శుక్రవారం ఫోను. 'బల్లలో చెయ్యి వేశారా?' అని. ఆవిడకి అన్నిటికంటే అదే ముఖ్యం. ఈయన అబద్ధం చెప్పడే! 'మందిరంలోనే ఉన్నాను మేరీ, అందరం బాగున్నాం' అని మాట మార్చేసేవాడు. ఇప్పటికీ ఆవిడకి తెలీదు. బస్సులోనే, స్టీరింగు మీద తల వాల్చి పోయాడని తెలుసు. బల్ల లేకుండా పోయాడని తెలీదు.

అందుకే కదండీ మీకింత ధైర్యం? శుక్రవారం కూడికని అత్తయ్య ఊళ్ళోంచి వీడియోలో చూస్తుందని, ఆవిడ వింటుండగా నేను నోరు విప్పనని. 'కుటుంబం తరఫున బ్యూలా చదువుద్ది' అని నా పేరు కూడా వేసేశారు! తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఇదేనండి. చచ్చినోడి కళ్ళు చారెడన్నారు గానీ, ఆ కళ్ళు పొడిచినోళ్ళే కొలిచి చెప్తారని నాకిప్పుడే తెలిసింది.

నేను చదవను. నిజం చెప్తాను. మైకు నా చేతిలోనే ఉంటుందిగా.

ఏంటీ?

మళ్ళీ అనండి. గట్టిగా అనండి, గోడలే కదా వినేది.

అవును. నేనే! ఆయన మీద మీకు ఫోను చేసింది నేనే. కాదన్నానా?

మా బాబుని మందిరంలో దేవుడికి ప్రతిష్ఠ చేసే రోజండి అది. మా నాన్న స్థానంలో నిలబడి పిల్లాణ్ణి ఎత్తుకుని పాస్టరు అయ్యగారి చేతిలో పెట్టాల్సిన మనిషి. పది దాటింది, పదకొండు దాటింది. ఫోను తియ్యడు. అయ్యగారు ఆగి ఆగి, చివరికి మా ఆయన చేతుల మీదుగానే కానిచ్చేశారు. మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చాడు మావయ్య. చేతిలో టోర్నమెంటు కప్పు! 'ఐదో సెట్టు దాకా పోయింది బ్యూలమ్మా, మధ్యలో వదిలేసి రాలేకపోయాను' అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. వండిన బిర్యానీ కూడా పెట్టలేదు ఆయనకి.

సాయంత్రం మీకు ఫోను చేశాను. ఆడినవన్నీ చెప్పాను, ఎన్ని శుక్రవారాలు ఆలస్యంగా వచ్చాడో కూడా చెప్పాను. 'మా మావయ్యకి కాస్త బుద్ధి చెప్పండి' అన్నాను. మన ఊళ్ళల్లో అందరూ చేసేదేగా? పెద్దల చెవిన వేస్తే పిలిచి రెండు చీవాట్లు పెట్టి, ప్రార్థన చేసి పంపిస్తారనుకున్నాను. మీరు కమిటీ వేస్తారని నాకేం తెలుసు? కొరివితో తల గోక్కున్నాను.

తర్వాత ఎన్నిసార్లు చెప్పాను మీకు, వదిలెయ్యండి అని? 'ఇది సంఘ క్రమం అమ్మా, నీ చేతుల్లో లేదు' అన్నారు. అన్నారా లేదా?

ఉండండి, లేవకండి. మీకు తెలియంది ఇంకోటుంది.

కమిటీ అయిన వారం మావయ్య ఇక్కడికొచ్చాడు. మీరు కూర్చున్న చోటే కూర్చున్నాడు. 'శుక్రవారం శుక్రవారం లెక్క చెప్పారమ్మా, ఎవరు చెప్పుంటారంటావు?' అని అడిగాడు. నా మొహంలోకి చూసే అడిగాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయి, అక్కణ్ణుంచి అన్నాను, 'అమోసు గారిల్లు గ్రౌండు పక్కనే కదా, ఆయనే చూసుంటాడు' అని.

నమ్మాడండి. నేను చెప్తే నమ్మకుండా ఎలా ఉంటాడు?

ఆ వారం నుంచే కదండీ ఆరాధన అయ్యాక మీ దగ్గరికొచ్చి చెయ్యి కలిపేవాడు? నవ్వుతూ? భయపడ్డాడు, దారికొస్తున్నాడు అని మీరు సంబరపడ్డారు. అది కాదండీ. పొద్దున్నే మీ పేరెత్తి ప్రార్థన చేసేవాడు. 'నా మీద కనిపెట్టి చెప్పినందుకు అమోసు మీద నాకేం లేకుండా చెయ్యి ప్రభువా' అని. నాకే చెప్పాడు ఓసారి, చాలా రోజులు పట్టిందమ్మా గానీ పోయింది, ఇప్పుడు నిజంగా ఏమీ లేదు అని. ఎంత తేలికపడ్డాడో చెప్పలేను. నోటిదాకా వచ్చింది నాకు. మింగేశాను. రేపు చెప్దాంలే అనుకున్నాను.

ఇలా ఇవ్వండి ఆ కాగితం. చదువుతానులెండి, 'నమ్మకమైన సభ్యుడు' దగ్గర కూడా ఆగకుండా చదువుతాను. అత్తయ్య ఏడుస్తూ వింటుంది, ఆవిడకైనా అది మిగలనివ్వండి. అబద్ధం మీదొకటి, నాదొకటి.

మీరు నిశ్చింతగా వెళ్ళండి అమోసు గారూ. మావయ్య మిమ్మల్ని ఎప్పుడో క్షమించేశాడు. నా సంగతంటారా, నేను చేసింది తెలిస్తే కదండీ క్షమించడానికి.