ఎలిశబెతు గారు వెనక్కి తీసుకున్న గాయపు పట్టీ

1993 ఆగస్టు 2వ తేదీన డాక్టర్ ఎలిశబెతు గారు నెల్లూరులోని మన తీరప్రాంత జీవపదార్థ పరిశోధన కేంద్రంలో జూనియర్ శాస్త్రవేత్తగా ప్రవేశించారు. సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భాన, వారి ప్రక్క బల్ల వద్దనే ఇన్నేళ్లూ పనిచేసిన నాకు ఈ నాలుగు మాటలు వ్రాసే భాగ్యం కలిగింది.

తొలి దశలో వారు రొయ్య పొట్టు నుండి కైటోసాన్ అనే సహజ పదార్థాన్ని వేరుచేసే విధానాన్ని స్థిరపరిచారు. అల్లూరు నుంచి పొట్టు బస్తాలు దిగిన రోజున మేమంతా ముక్కు మూసుకుని క్యాంటీనుకు పారిపోతుంటే, "ముడిసరుకు వచ్చింది, కాఫీ తర్వాత తాగొచ్చు" అని వెనక్కి పిలిచేవారు.

2009లో సీనియర్ శాస్త్రవేత్తగా పదోన్నతి పొందిన పిమ్మట, ఆ కైటోసాన్‌తో నీటిని పట్టి ఉంచే మెత్తని పొరను, అనగా హైడ్రోజెల్‌ను తయారుచేసి, అందులో గడ్డిచామంతి ఆకు సారాన్ని కలిపి, చీము పట్టనివ్వని గాయపు పట్టీని రూపొందించడానికి పూనుకున్నారు. రొయ్యలు ఒలిచే షెడ్లలో నిత్యం వేళ్లు కోసుకునే స్త్రీలకు అది ఉపకరించాలన్నదే వారి సంకల్పం. 2014లో పరీక్షా పళ్లెంలో పట్టీ చుట్టూ బాక్టీరియా నశించి చక్కని వలయం ఏర్పడగా కేంద్రమంతా మిఠాయిలు పంచుకున్నాం. అనుమతులు లభించి, అల్లూరు షెడ్‌లో ప్రయోగానికి తేదీ కూడా నిశ్చయమైంది.

ఆ వారంలోనే వారికొక సందేహం కలిగింది. ఆకును నానబెట్టిన స్పిరిట్ సారం నుంచి పూర్తిగా ఆవిరైందా? ఆకు లేకుండా వట్టి స్పిరిట్ కలిపిన పట్టీని పరీక్షించగా అంతే వలయం ప్రత్యక్షమైంది. క్రిములను చంపింది స్పిరిట్ అని తేలిపోయింది. ఈ పోలిక పరీక్షను ముందే చేయకపోవడం తమ పొరపాటేనని వారు నిండు సమావేశంలో లేచి చెప్పి పట్టీని ఉపసంహరించుకున్నారు. పథకం మూతపడే స్థితికి వచ్చింది. మాలో కొందరికి వారిపై కోపం కూడా వచ్చింది.

మరునాడు వారు స్వయంగా షెడ్‌కు వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. ప్రయోగానికి అందరికంటే ముందు పేరిచ్చిన గంగాభవాని గారు విషయం విని, "అయితే అందాకా మా చేతులకేం పెట్టుకోవాల మేడం?" అని అడిగారు.

"ఆస్పత్రిలో ఇచ్చే మందే పెట్టుకోమ్మా. నాది పనిచేస్తాదని తేలినాకే తెస్తా" అన్నారు ఎలిశబెతు గారు.

సారాన్ని ఆరబెట్టే విధానాన్ని మార్చి, ప్రతి పరీక్షలోనూ వట్టి స్పిరిట్ పట్టీని ప్రక్కనే ఉంచి, పనిని మొదటి నుంచీ చేయడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈసారి వలయం చిన్నదే, అయినా అది నిజంగా ఆకు చలవే. 2022లో మళ్లీ అనుమతులు పొంది అదే షెడ్‌కు వెళ్లినప్పుడు, ఒకసారి వెనక్కి తీసుకున్న మందును ఇక ఎవరు నమ్ముతారని మేము జంకాం. గంగాభవాని గారు తెగిన వేలు చూపుతూ ముందుకు వచ్చారు.

"ఆ పొద్దు చెప్పకుండా కట్టుంటే మాకేం తెలిసేది? మీరే వచ్చి చెప్పినారు గదా. కట్టండి" అన్నారు.

ఎలిశబెతు గారి కళ్లు చెమర్చడం నేను చూసింది అప్పుడే. ఆ వేలు చీము పట్టకుండా మానింది. ఇంకా జరగవలసిన పరీక్షలు మా వంతు.

వారు లేని ప్రయోగశాలను తలచుకుంటే దిగులుగానే ఉంది. భర్త క్రీస్తురాజు గారితో, కుమార్తె షారన్ కుటుంబంతో కలిసి వారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు జీవించాలనీ, మా పనిలో తప్పు కనిపించిన రోజున ఏ మొహమాటమూ లేకుండా ఫోన్ చేసి చీవాట్లు పెట్టాలనీ మనసారా కోరుకుంటున్నాము.

— పెంచల్, సహ శాస్త్రవేత్త