గడ్డ మీద నిలబడ్డ కొండ

తావ్ గ్వేషాన్ నోరు విప్పితే చీమ కూడా ఏనుగై లేస్తుందని ఆ కొండూళ్ళో అందరికీ తెలుసు. తెలిసే వింటారు. రుయ్‌లాన్ టీ కొట్టు బల్లల మీద జనం చేరేది సగం టీ కోసం, సగం అతని కోతల కోసం.

ఆ రోజు మాత్రం రుయ్‌లాన్ అతని మాటలు మరోరకంగా వింటోంది. పొద్దున్నే గ్వేషాన్ అక్క వచ్చి, "మా తమ్ముడూ ఒంటరివాడు, నువ్వూ మొగుడు పోయినదానివి. ఇద్దరూ ఒక పొయ్యి మీద వండుకోకూడదటే?" అని అడిగి వెళ్ళింది. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాడు, కష్టజీవి. కానీ తెల్లారి లేస్తే అబద్ధాలాడే నోటితో కాపురం ఎలాగ?

గ్వేషాన్ పని ఫూలింగ్ తవ్వడం. ఫూలింగ్ పుట్టగొడుగుకి చుట్టమే గానీ గొడుగెత్తదు, పైన్ చెట్ల వేళ్ళకి భూమిలోనే గడ్డలా ఊరుతుంది. ఒంట్లో చేరిన నీరు లాగేస్తుందని వైద్యులు దానికోసం పడి చస్తారు.

"గుమ్మడికాయంత ఉంది. అబద్ధమెందుకు, అంతకి ఒక్క వేలెడు కూడా ఎక్కువ లేదు," అంటూ మొదలుపెట్టాడు గ్వేషాన్.

"ఉంటుందిలే. గుమ్మడికాయంతవి నేనూ కోశాను," అన్నాడు పే తాత. మందుల కొట్టుకి ఫూలింగ్ ముక్కలు కోసికోసి ముసలాడైనవాడు.

తాత అలా ఒప్పేసుకోవడం గ్వేషాన్‌కి నచ్చలేదు. "గుమ్మడికాయంత అన్నది దాని ముక్కు తాతా! ముక్కు చూసి మనిషిని కొలుస్తామా? ఇనుప ఊచ తీసి నేలలో దించాను. మూరెడు దిగింది, బారెడు దిగింది, పైకి లాగితే కొనకి తెల్లటి పిండి. పిండి అంటిందంటే కింద గడ్డ ఉన్నట్టేగా! పదడుగులు జరిగి పొడిచాను, పిండే. వాగు దాటి పొడిచాను, పిండే. కొండ చుట్టి అవతల వాలుకి పోయి పొడిచాను, ఏం వచ్చిందో తెలుసా?"

"పిండి," అన్నాడు వడ్రంగి లూ, పొద్దుతిరుగుడు గింజ ఒలుచుకుంటూ.

"పిండే! అప్పుడు తెలిసొచ్చింది లూ, కొండ కింద గడ్డ ఉండటం కాదు, గడ్డ మీదే కొండ నిలబడి ఉంది!"

"మరి తవ్వితే కొండ కూలదూ?"

"అందుకేగా తవ్వలేదు! ఊళ్ళు నాశనం చేసే మనిషినా నేను? అంచున గోరంత ముక్క గీసి తెచ్చుకున్నాను. మా పక్కింటి పెద్దాయనకి కాళ్ళ వాపు. మందు తాగించలేదు, వాసన చూపించాను, అంతే. వాపు దిగింది, కాళ్ళు సన్నబడ్డాయి, చెప్పులు జారిపోయాయి. ఇంకాసేపు చూపిస్తే మనిషే జారిపోతాడని గబుక్కున ఆయన ముక్కు మూశాను. పెరట్లో నీళ్ళ తొట్టి ఎండిపోయింది. మా బాతులు గుడ్లు పెడితే లోపల సొన లేదు, పొడి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుర్రం పేరిట లెక్కేసే ఆ సంవత్సరం వచ్చిన వరద గుర్తుందిగా?"

రుయ్‌లాన్ చేతిలో కెటిల్ ఆగింది. ఆ వరద ఊళ్ళో ఎవరికి గుర్తులేదు? గ్వేషాన్ అదేం గమనించలేదు, ఊపులో ఉన్నాడు.

"మొదటిరోజు, ఇంకా తెల్లవారలేదు. ఏరు ఊరిమీద పడుతోంది, జనం హాహాకారాలు. నేను ఒడ్డున నిలబడి ఆ గోరంత ముక్క నీళ్ళలోకి విసిరాను. జుర్రుమని ఒకటే చప్పుడు! ఏరంతా తాగేసింది. చేపలు బురదలో లేచి నిలబడి, 'బాబూ, ఇంటికెలా పోవాలి?' అని నన్నే అడిగాయి!"

అందరూ పగలబడి నవ్వారు. రుయ్‌లాన్ నవ్వలేదు. కెటిల్ దించి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"మొదటిరోజే తాగేసిందా?"

"చుక్క మిగల్చలేదు వదినా."

"మరి మా ఇంట్లో నాలుగు రోజులు నిలిచినవి నీళ్ళు కాదా, టీనా?"

గ్వేషాన్ గభాలున టీ గిన్నె అందుకున్నాడు.

"ఆ పొద్దున నువ్వు ఏటి ఒడ్డున లేవు. మెడలోతు నీళ్ళలో ఈదుకుంటూ మా ఇంటికొచ్చావు. మంచాన ఉన్న మా అత్తని వీపున కట్టుకుని కప్పెక్కావు. చీకటి పడేదాకా ఆవిణ్ణి పట్టుకుని కూర్చున్నావు. భయంతో భోరుమన్నావు కూడా. 'ఊరుకో నాయనా' అని మా అత్తే నిన్ను ఓదార్చింది. మిమ్మల్ని దించడానికి తెచ్చిన పడవలోంచి నేను చూశానుగా!"

గ్వేషాన్ చెవులు ఎర్రబడ్డాయి. లూ ఒలుస్తున్న గింజ కింద పడేశాడు. "నిజమేనా? మాకెప్పుడూ చెప్పలేదేమయ్యా?"

"అది జరిగిందేగా," అని గొణిగాడు గ్వేషాన్ బల్ల వంక చూస్తూ. "జరిగినదాంట్లో చెప్పడానికేముంటుంది?"

ఇన్నేళ్ళుగా రుయ్‌లాన్ ఆ కథ వినబడుతుందనే ఎదురుచూసింది, ఒక్క అత్త ఏడుగురు అత్తలై, ఇంటి కప్పు కొండశిఖరమై. అతను ఆ ఊసే ఎత్తలేదు. ఆమెకి అప్పుడు తోచింది, ఇతను దేన్ని పెంచి చెప్తాడో చూడనక్కర్లేదు, దేన్ని ముట్టుకోడో చూస్తే చాలని.

"మీ అక్కని రేపొకసారి రమ్మను," అంది.

అతను లేచి, గబగబా వీధి మలుపు తిరిగాడు. కాసేపటికి అక్కడ సేమియా అమ్మే ఆవిడతో అతని గొంతు ఖంగున వినబడింది: "కాళ్ళావేళ్ళా పడి మూడుసార్లు అడిగిందమ్మా, ఇక కాదనలేకపోయాను!"

పే తాత భయంభయంగా రుయ్‌లాన్ వంక చూశాడు.

"మూడేనా?" అంది రుయ్‌లాన్. "మీరు ఈ టీ తాగేలోపు ముప్పై అవుతుంది చూడండి."