తడుముకోని మెసేజ్‌లు

హలో… ఊఁ, నేనే. కళ్ళద్దాల షాపు… అవును, చెప్పకుండానే చేశాను. చెప్పి చేస్తే మళ్ళీ 'లిఫ్టు కింద గుంతలో ఉన్నాను, సిగ్నల్ లేదు' అంటారుగా.

… …

హలో? వినబడుతోందా?… ఆ 'ఊఁ' ఏమిటి, అంత చిన్నగా? ఆరు వారాలుగా మెసేజ్‌లలో దంచేస్తున్న మనిషి మీరేనా?

… అవును, 'మీరే'. మెసేజ్‌లో నువ్వు అన్నాను, కాదనను. అవి రాసింది ఎవరో తేలేదాకా 'మీరు' అనే అంటాను.

… … ఏమిటంత ఆలోచన? లిఫ్టులు బాగుచేసే మీరే అవి రాశారా అంటే అవును, కాదు, రెండే కదా.

— ఉండు వదినా, అదే అడుగుతున్నా —

ఆ? మీతో కాదు. షాపులో ఎవరో వచ్చారు.

సరే, చెప్పండి. పరిచయాల యాప్‌లో మొదటి రోజు నేనేం అడిగాను?… … … మీరు వెతుక్కునేలోపు తెల్లారేలా ఉంది, నేనే చెబుతాను. 'రోజుకి ఇరవై మంది మెసేజ్ పెడతారు, నీతోనే ఎందుకు మాట్లాడాలి' అన్నాను. దానికి మీరేమన్నారు?

… … 'మె'… … మెట్లు. ఆ. 'మిగతా పంతొమ్మిది మందీ మెట్లెక్కుతూ మధ్యలో ఆయాసపడి ఆగిపోతారు, నేను లిఫ్టువాణ్ణి' అన్నారు. అర నిమిషంలో వచ్చింది ఆ జవాబు. ఇప్పుడేమో 'మె' దగ్గరే ఇరుక్కుపోయారు. ఎక్కడో చూసి చదువుతున్నారా?

… లేదా. మరి పక్కన ఎవరున్నారు?… ఎవరూ లేరా. అంత గట్టిగా ఊపిరి పీలుస్తున్నది ఎవరు మరి?

ఇంకోటి. 'నా ఫోటోలో ఒక తప్పు చెప్పు చూద్దాం' అన్నాను… … 'ఎ'… ఎడమ చెవి దుద్దు. మళ్ళీ నేనే పూర్తి చేయాల్సి వచ్చింది. 'దుద్దు తిరగేసి పెట్టుకున్నావు. అది నీ తప్పు కాదు, నేనెంతసేపు చూశానో దానికి సాక్ష్యం' అని రాశారు. ఆ రోజు అద్దం ముందు నిలబడి నాలో నేను నవ్వుకున్నాను. అందుకే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

'అబద్ధాలు ఆడతావా' అంటే, 'రోజూ ఆడతాను, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి రెండు నిమిషాల్లో తీసేస్తానని చెబుతాను' అన్నారు. ఇన్ని కబుర్లు చెప్పినాయన ఏడి?

— వదినా, కాగితం పైకెత్తు, నీ రాత కనబడి చావడం లేదు —

… ఏమీ లేదు. చెప్పేది వినండి. నా పనేమిటో తెలుసుగా. చీకటి గదిలో కూర్చోబెట్టి బోర్డు మీద అక్షరాలు చదివిస్తాను. డ్రైవింగ్ లైసెన్సు కోసం కొందరు బోర్డంతా బట్టీపట్టి వస్తారు. గడగడా అప్పజెప్పేస్తారు. నిజంగా చూసి చదివేవాళ్ళు తడుముకుంటారు. దొంగల్ని నేను అలాగే పట్టుకుంటాను. మీ మెసేజ్‌లు ఒక్కసారీ తడుముకోలేదు. ఎవరు రాసిపెడుతున్నారు? తమ్ముడా? ఫ్రెండా?

… … మీకు కోపమా? మరి నాకో?

ఇదివరకు ఒకాయన ఉండేవాడు. మీకు చెప్పలేదు. ఎనిమిది నెలలు రాసుకున్నాం. మా నాన్న పోయిన రోజు ఆస్పత్రి మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని ఎలా ఏడ్చానో కూడా రాశాను. తీరా కలిస్తే ఆ మనిషికి ఏమీ తెలియదు. అన్నీ వాళ్ళ ఆఫీసులో ఎవడో రాసిపెట్టేవాడట. మా నాన్న సంగతి ఎవడు చదివాడో ఇవాళ్టికీ నాకు తెలియదు.

… అందుకే. ఆదివారం కలుద్దాం అంటున్నారు. నాకూ రావాలనే ఉంది. కానీ నేను వచ్చేది మీ కోసమో, రాసినవాడి కోసమో నాకు తెలియాలి.

… … … మాట్లాడరేం?… 'నా'?… నాకిష్టం లేదంటారా? కాదా. నాన్నగారా? కాదు… 'న'… … 'న'…

— వదినా, ఆ కాగితం దించు. ఒక్క నిమిషం —

… నత్తి ఉందా?

… … చిన్నప్పటి నుంచా… … అవును, రాసేటప్పుడు ఎందుకొస్తుంది… … … గుంతలో ఉన్నాననడం అబద్ధమా. అన్నిసార్లూనా.

… మరి లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి 'రెండు నిమిషాలు' అని ఎవరు చెబుతారు?… … తోటి మెకానిక్కా. నువ్వేం చేస్తావు?… … … తలుపు మీద కొడతావా. బయట మనిషున్నాడని వాళ్ళకి తెలియడానికి.

… …

నేనేం చేశానో చూడు. ఒక్క మాట కూడా నిన్ను పూర్తి చేయనివ్వలేదు. సిగ్గుగా ఉంది… లేదు, జాలి కాదు. సిగ్గే. రోజంతా తడుముకునేవాళ్ళనే నమ్ముతాను. నువ్వు తడుముకుంటే మాత్రం దొంగవన్నాను.

… ఏమిటి?… … … 'ప'… … … నా పక్కనా?

… వినబడిందా. 'వదినా' అన్నది కూడానా.

… ఉంది. మా వదిన. షాపులో కౌంటరు తనదే. ఇందాకటి నుంచీ నా ఎదురుగా కూర్చుని చీటీల వెనక ప్రశ్నలు రాసి చూపిస్తోంది… ఆ. ఇరవై మంది ప్రశ్న వదినదే. ఫోటో ప్రశ్నా వదినదే. నాకంత పొగరెక్కడిది… అవును, ఆరు వారాలూ. దెబ్బతిన్నదాన్ని కదా, 'ఈసారి నిన్ను నేను చూసుకుంటా' అంది… … నవ్వుతున్నావా? నవ్వు. ఫర్వాలేదు. రాయించుకున్నది నేనే.

— వదినా, నువ్వు బయటికెళ్ళు… తర్వాత తిట్టుకుందువుగాని, వెళ్ళు. తలుపు దగ్గరగా వెయ్యి —

… వెళ్ళింది.

… … … నావి ఏవి అంటే… ఒక్కటే ఉంది. చేతికి దెబ్బ తగిలిందన్నావే, ఆ మర్నాడు 'ఇంకా నొప్పిగా ఉందా' అని అడిగాను చూడు. వదిన వద్దంటే వద్దంది. అలా అడిగితే అలుసైపోతావంది. అది మాత్రం నేనే రాశాను… 'ఉంది' అని ఒక్క మాట రాశావు. జోకేమీ వేయలేదు.

… … నీకు గుర్తుందా అది.

… … ఆదివారం… ఊఁ… … … వద్దు, మెసేజ్ పెట్టకు. ఏమనబోతున్నావో నాకు తెలిసిపోయింది, అయినా నేను చెప్పను. నువ్వే చెప్పు. కళ్ళు చూపించుకోవడానికి బయట ముగ్గురు కూర్చున్నారు, కూర్చోనీ.

… … … … … …

ఊఁ. నాలుగింటికి.

వస్తాను. ఒక్కదాన్నే వస్తాను. వదిన పక్కన లేకపోతే నాకు మాటలు రావు, ముందే చెబుతున్నాను… … సరే. ఉంటాను.