రెండో పరీక్షకి అదే కూర

హలో… ఆఁ, నేనేనమ్మా. మీ అల్లుడిగారిని తీసుకున్నారు… ఎవరేంటి, విమానాలు పరీక్షించే స్క్వాడ్రన్ వాళ్లు. ఆర్నెల్లు చూశారు, ఇక ఖాయం. ఇప్పుడే వచ్చి చెప్పారు, ఇంకా బూట్లయినా విప్పలేదు.

…అంత చప్పగా "సంతోషం" అంటావేం? ఇంకా నువ్వొండిన ఆ కూర సంగతేనా? రెండు వారాలైందమ్మా.

…అవును, "బాగుంది" అనలేదు. "ముక్క నాలుగు నమలడాలకి మెత్తబడింది, ఉప్పు అంచున ఉంది" అన్నారు. అది వంక పెట్టడం కాదు… నాలుగు నెలల కిందట పెళ్లిచూపుల్లో నన్ను చూసి వెళ్లినప్పుడు మాత్రం ఏమన్నారు? "అడిగిన రెండు సెకన్లకి జవాబు వస్తోంది, నవ్వు కుడివైపు నుంచి మొదలవుతోంది" అని. ఒప్పుకున్నట్టో కాదో తేలక నాన్న రెండు పూటలు అన్నం మానేయలేదూ?

నిన్న ఆయన్ని నిలదీశాను. స్క్వాడ్రన్‌లో "బాగుంది" అనే మాటే నిషేధమట.

…విను. అరవై ఏళ్ల కిందట ఒక రేకుల షెడ్డు, రెండు విమానాలు, ఏడుగురు మనుషులు. అంతేనట స్క్వాడ్రన్ మొత్తం. ఆ ఏడుగురిలో ఒకాయన కొత్త విమానం ఎగరేసి చూశాడు. చక్రాలు దించే మీట కొంచెం బిగుసుకుంటోంది. అయినా మొత్తమ్మీద ఫర్వాలేదుగా అనుకుని, రిపోర్టులో "బాగుంది" అని రాసి సంతకం పెట్టేశాడు. మర్నాడు రెండో ఆయన ఎక్కితే, చక్రాలు దిగలేదు…

…బతికాడమ్మా, కంగారుపడకు. పొట్టమీద దింపి, పక్కనున్న గుమ్మడి తోటలోకి జారాడు. కాయల మధ్యలోంచి నడిచొచ్చి, మొదటాయన చేత షెడ్డంతా ఊడిపించాడట.

అప్పట్నుంచీ ఏం జరిగింది, ఎంత, ఎన్నిసార్లు అనే రాయాలి. "బాగుంది" అని నోరు జారితే చీపురే. ఈయన మొదటి వారంలోనే ఊడ్చారు, టీ బాగుందన్నందుకు.

…భయమా? నాకు మాత్రం లేదా? కానీ కొత్త విమానమైనా, పాతదానికి కొత్త చక్రమైనా ముందు వీళ్లు ఎగిరి, తప్పు పట్టుకుంటేనే మిగతావాళ్లు నిశ్చింతగా ఎక్కుతారు. ఎవరో ఒకళ్లు చూడాలి కదా.

…సరే, కూర. ఇవాళ పొద్దున ఆయన కోటు దులపబోతే జేబులో చీటీ దొరికింది. మనింటికొచ్చిన రోజుది. చదువుతున్నా: "అత్తగారి కూర. మూడుసార్లు వడ్డించుకున్నాను. నాలుగోసారి అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. ఫలితం అసంపూర్ణం. మళ్లీ పరీక్షించాలి."

…అమ్మా? …ముక్కు చీదుతున్నావా, నవ్వుతున్నావా?

రేపు పన్నెండున్నరకి వస్తున్నాం. అదే కూర, అదే పొయ్యి, అదే గిన్నె… వద్దు, పెద్ద గిన్నె తియ్యకు. రెండో పరీక్షలో ఏదీ మార్చకూడదట.

…ఉండు, ఈయన గుమ్మంలోంచి ఏదో అంటున్నారు…

గిన్నె మార్చొచ్చట. ఉంటానమ్మా.