మా అత్త మరిసిపోనేదు

"మామ్మా, పుస్తకంలో నీ మాటలున్న పేజీలు చదివి వినిపించేశాను. తప్పులేమైనా ఉంటే చెప్పు."

తప్పులా? ఒలే గుంటా, నీది అచ్చుపుస్తకం, నాను ఏలిముద్ర మడిసిని. నానేటి సెప్తాను... ఉండు, ఆ సెల్లు ఆపీకు. తిరగనీ. ఇంకోపాలి సదువు ఆ ముక్క. అదే, మా అత్త ముక్క.

"'ఊళ్లో నిప్పంటుకున్న రోజు, రెండేళ్ల మనవరాలు తన దగ్గరే ఉందన్న సంగతి ఆ వృద్ధురాలు కంగారులో మరిచిపోయింది. వయసుతో వచ్చే మరుపుకి భయం తోడైతే...'"

సాల్లే.

వృద్ధురాలట. అప్పుడికి మా అత్తకి యాభై కూడా నేవు తల్లీ. నాకే ఇరవయ్యో, ఇరవై ఒకటో. మా సెల్లి బతికుంటే సరిగ్గా సెప్పీది. ఆమదాలవలస ఇచ్చేం దాన్ని, రైలు సూద్దారని నాను నెలకోపాలి ఎల్లీదాన్ని... ఏటి సెప్తన్నాను? ఆఁ, నిప్పు.

అప్పుడు మా వీదంతా తాటికమ్మల ఇళ్లే కదా. గోగుపుల్లల తడికిలు. ఎక్కడైనా నిప్పంటుకుంటే ఆర్పడం కాదు ముందు పని. గాలి ఎటుందో సూసి, అటేపు నాలుగిళ్లకవతల పాకలెక్కీవోళ్లం. బాగున్న పాకలే. కమ్మలు పీకి కింద పారీడం, నిప్పుకి దారి నేకుండా. ఎవలిల్లని సూడకూడదు. ఆడోళ్లమూ ఎక్కీవోళ్లం. నాకైతే నిచ్చెనక్కర్నేదు. నవ్వుతావేటే? ఈ మోకాళ్లు సూసి నవ్వుతన్నావు.

రోజూ గుంట మా అత్త కాడే. గౌరి, నా పెద్దది. నాను గోగు కోతకో కలుపుకో పోతే దాని సంకనే ఉండీది. ఆయేల మాత్రం మా అత్త మూట నెత్తినెట్టుకుని, "ఒలే కోడలా, గుంట ఉయ్యాల్లో తొంగున్నాది, నాను సెరువుకెల్లి బట్టలుతుక్కొస్తాను, సూసుకో" అన్నాది. పొయ్యి కాడుండి నాను "ఊఁ" అన్నాను.

అన్నాను గుంటా.

తరవాత కేకలు. లగెత్తీసేను. వీది సివర ఎవలిదో పాకెక్కి కమ్మలు పీకుతన్నాను. గుంట అత్త కాడున్నాది కదా అనే ఉన్నాది బుర్రలో, రోజూ ఉన్నట్టే. మరిసిపోడం అంటే బుర్ర ఖాళీ అయిపోడం అని రాసేవు. నాకేటీ ఖాళీ అవనేదే. దాని సంకలో పిల్ల నా కళ్లకి అగుపిస్తన్నాది, అంత బాగా.

గాలి తిరిగినాది. మా ఇంటేపు.

...

సరే. అది ఒగ్గీ.

పెద్దలొచ్చి అడిగేరు, గుంట ఎవలి కాడున్నాదని. మా ఆయన నా మొకమే సూస్తన్నాడు. ఆయన కోపం... ఈ సెయ్యి వంకరుంటాది కదా, పడిపోనానని సెప్పేను నీకు. పడిపోనేదు. నాను నోరు తెరిసేలోపలే మా అత్త, తడిబట్టలింకా బుజాన ఉన్నాయి దానికి, "నాకాడే. నానే మరిసిపోనాను" అన్నాది. తల్లినేటంటాడు కొడుకు? ఆ తడిబట్టలు ఎవలూ సూడనేదు. నాను సూసేను.

ఆ మర్నాడినుంచీ "మరుపు ముసిల్ది". పురిటింటికెల్తే దాని ఒళ్లో పిల్లనెట్టీవోళ్లు కాదు. నా కొడుకు పుట్టేక తీసుకెళ్లి సేతుల్లో ఎడితే, "తియ్యే, ఎవలైనా సూస్తారు" అన్నాది. ఎవలూ నేనప్పుడు ఆడి అరికాలు నిమిరీది. ముప్పై ఏళ్లు గుంటా. పోయీ ముందు "సెప్పీనా అత్తా" అని అడిగేను. "మతిపోనాదేటే నీకు? ఆ కూర మాడుతన్నాది, సూడు" అన్నాది.

నీకు కూడా అబద్దమే సెప్పేను. అలవాటయిపోనాది. ఊళ్లో అడిగితే ఊరూ అదే సెప్పినాది. నీ తప్పేటి నేదు. ఊరి మాటయితే నాతోటే పోతాదనుకున్నాను. నువ్వు అచ్చేయించీసేవు. ఇజీనారం కాలేజీల్లో పిల్లలు సదువుతారు కదా, మా అత్త మతినేని మడిసని. అందుకే సెప్తన్నాను.

"మామ్మా, మీ అబ్బాయికి తెలిస్తే?"

తెలవనీ. అరవై దగ్గరపడ్డాయి ఆడికి. కోపమొస్తే రాజాం పోయి కూతురింట్లో రెండ్రోజులు కూకుంటాడు. ఆకలేస్తే వస్తాడు.

మళ్లీ అచ్చేయిస్తావో, ఆ పేజీ మీద కాగితం అంటిస్తావో నాకు తెల్దు. కాలేజీలో మైకట్టుకుని మేష్టర్లతోటే కొట్లాడీదానివి, అచ్చాపీసోడితో కొట్లాడలేవేటి? రాయి. పైడమ్మ. వృద్ధురాలు కాదు, పైడమ్మ. ఆయేల సెరువు కాడున్నాది. పిల్లని కోడలికి అప్పసెప్పే ఎల్లినాది. కోడలి పేరు అప్పలనర్సమ్మ. మారుపేరెట్టకు నాకు.

ఆ రాజాం మనవరాలికి నెలలు నిండేయి. ఇది సదివేక పిల్లని నా ఒళ్లో ఎడతాదో, ఎట్టదో... ఎట్టకపోతే ఎట్టకపోనీ. ఏడుస్తన్నావేటే, ఓలమ్మ! కళ్లు తుడుసుకో. నీ సెయ్యి సల్లగుండాల తల్లీ, రాయి...